పెరటి బంగాళాదుంప: నాటడం నుంచి తవ్వడం దాకా

ఈ పాఠం ఎందుకు

మన స్కూల్లో తోటపని మొదలుపెట్టిన మొదటి ఏడాది అక్టోబరులో బంగాళాదుంపలు నాటాం. డిసెంబరు ఆఖరి క్లాసు నాటికి మొక్కలు మోకాలెత్తు పెరిగి పూలు పూశాయి. పూత వచ్చింది కదా, సెలవులకు ముందే పిల్లలకి పంట చూపిద్దామని తవ్వేశాం. గోలీకాయలంతవి కొన్ని, నిమ్మకాయలంతవి కొన్ని దొరికాయి. "అంతేనా?" అన్నారు పిల్లలు. మనవణ్ణి తీసుకెళ్లడానికి వచ్చిన ఒక అమ్మమ్మగారు తట్టలోకి తొంగి చూసి, "అయ్యో, పాలు తాగే పిల్లల్ని పీకేశారు కదమ్మా!" అన్నారు.

రెండో ఏడాది తొందరపడలేదు. కానీ దుంపల్ని మరీ పైపైన నాటాం, మట్టి ఎగదోయలేదు. సగం దుంపలకి ఎండ తగిలి ఆకుపచ్చగా మారాయి. అవి తినడానికి పనికిరావు కాబట్టి పిల్లల కళ్ల ముందే పారేయాల్సి వచ్చింది. ఆ రెండేళ్లలో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాం. కొత్తగా వచ్చే టీచర్లు, తల్లిదండ్రులు అవే తప్పులు మళ్లీ చేయనక్కర్లేదు.

"అక్షరాలు నేర్పమంటే మట్టి పిసికిస్తారేంటి?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనకి దొరికేది వారానికి ఒక పూట. అందుకే దుంప పాఠానికి క్లాసులో 15 నిమిషాలకి మించి వాడకండి. మిగతా పనంతా ఇంటి దగ్గరే. దీనివల్ల ఒక లాభం ఉంది. అక్షరాలు వచ్చిన పిల్లలు కూడా ఇంట్లో తెలుగులో మాట్లాడకపోవడానికి ఒక కారణం, మాట్లాడుకోవడానికి తెలుగులో సంగతులు లేకపోవడం. ఐదు నెలల పంట ఇంట్లో ఉంటే ప్రతివారం ఒక కొత్త సంగతి ఉంటుంది. పైగా ఆ సంగతి మనకంటే అమ్మమ్మకీ తాతయ్యకీ ఎక్కువ తెలుసు.

దుంప అంటే ఏమిటి

పిల్లల్ని మొదట అడగాల్సిన ప్రశ్న: బంగాళాదుంప వేరా, కాండమా? దాదాపు అందరూ వేరు అంటారు. కాదు. ముల్లంగి, క్యారెట్, చిలగడదుంప వేళ్లు. బంగాళాదుంప మట్టిలో లావెక్కిన కాండం. దానికి రుజువు దాని కళ్లే. ఒక్కో కన్నూ ఒక మొగ్గ. అక్కణ్ణుంచే మొలక వస్తుంది. వేరుకి కళ్లు ఉండవు.

మొలక పైకి వచ్చేటప్పుడు, మట్టిలో ఉన్న దాని కాండం నుంచి తెల్లటి దారాల్లాంటి పిలకలు పక్కలకి సాగుతాయి. వాటి కొసలు ఉబ్బి దుంపలవుతాయి. దీన్నే మన పెద్దవాళ్లు "దుంప ఊరడం" అంటారు. ఈ మాట బోర్డు మీద రాయండి. అంటే కొత్త దుంపలు పాత దుంపకి కింద కాదు, దానికీ నేల పైభాగానికీ మధ్య ఊరుతాయి. లోతుగా నాటమనడానికీ, మట్టి ఎగదోయమనడానికీ ముఖ్య కారణం ఇదే. ఇది అర్థమైతే మిగతా పనులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

"విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా" అన్న సామెత ఇక్కడ చెప్పండి. దుంప ముక్క నాటితే వచ్చే మొక్క అచ్చం తల్లి లాంటిదే, ఏమీ మారదు. అందుకే మంచి గుణమూ వస్తుంది, తల్లికున్న తెగులూ వస్తుంది. 1845లో ఐర్లండ్‌లో మొదలైన కరువుకి ఒక కారణం ఇదే. దేశంలో పేదలు చాలామంది దాదాపు ఒకే రకం దుంప మీద బతుకుతుండగా ఒక తెగులు వచ్చి పంటలో చాలా భాగాన్ని కుళ్లబెట్టింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మంది దేశం వదిలిపోయారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు విక్టోరియాకీ వచ్చి స్థిరపడ్డారు. బతుకు వెతుక్కుంటూ దేశాలు దాటిన కథ మన పిల్లలకి కొత్తేం కాదు.

మన క్యాలెండరు

బంగాళాదుంపల్లో తొందరగా వచ్చే రకాలున్నాయి, ఆలస్యంగా వచ్చేవీ ఉన్నాయి. తొందర రకాలు మూడు నెలల్లో వస్తాయి, తోలు పల్చన, నిల్వ ఉండవు. ఆలస్యపు రకాలకి 16 నుంచి 20 వారాలు పడుతుంది. దిగుబడి ఎక్కువ, తోలు గట్టి, నెలల తరబడి నిల్వ ఉంటాయి. ఈ పాఠం ఆ రెండో రకం గురించే. సెప్టెంబరు మధ్యలో నాటితే ఆ పంట మన స్కూలు టర్ములకి చక్కగా సరిపోతుంది.

- ఆగస్టు రెండో వారం: విత్తనపు దుంపలు తెచ్చి మొలకకి పెట్టడం.
- సెప్టెంబరు, మూడో టర్మ్ ఆఖరి క్లాసు: నాటడం.
- అక్టోబరు, నాలుగో టర్మ్ మొదటి వారాలు: మొలకలు పైకి రావడం, మొదటిసారి మట్టి ఎగదోయడం.
- నవంబరు: ఇంకో రెండుసార్లు ఎగదోయడం.
- నవంబరు ఆఖరు, డిసెంబరు: పూత. మట్టిలో దుంపలు ఊరుతుంటాయి. తవ్వకూడదు!
- సెలవులు: నీళ్లు పోయడం ఒక్కటే పని, కానీ అదే ముఖ్యమైన పని.
- జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదలు: ఆకులు పండి వాలిపోవడం, కాండాలు కోయడం.
- ఫిబ్రవరి మధ్య, మొదటి టర్మ్‌లో: తవ్వడం.

మన ఊళ్లలో సంక్రాంతికి పంట ఇంటికొస్తుంది. ఇక్కడ సంక్రాంతికి మన పంట ఇంకా మట్టిలోనే ఉంటుంది. తెలంగాణలో జహీరాబాద్ చుట్టుపక్కల రైతులు అక్టోబరు, నవంబరుల్లో ఆలుగడ్డ నాటి జనవరి, ఫిబ్రవరుల్లో తవ్వుతారు. అక్కడది చలికాలపు పంట, ఇక్కడది ఎండాకాలపు పంట. అయినా తవ్వే నెలలు ఇంచుమించు ఒకటే. ఇదెలా సాధ్యం అని పిల్లల్నే ఆలోచించమనండి. బంగాళాదుంపకి కావాల్సింది చల్లటి మట్టి. 15 నుంచి 20 డిగ్రీలుంటే దుంప బాగా ఊరుతుంది, మట్టి 30 డిగ్రీలకి చేరితే ఊరడం దాదాపు ఆగిపోతుంది. తెలంగాణలో ఆ చల్లదనం చలికాలంలోనే దొరుకుతుంది. ఇక్కడ చలికాలంలో మంచు పడి ఆకు మాడిపోతుంది కాబట్టి వసంతంలో నాటి, వేసవిలో మట్టిని మనమే చల్లగా ఉంచుకోవాలి.

విత్తనపు దుంపలు

సూపర్‌మార్కెట్‌లో కొన్న దుంపలు నాటకండి. మొలక రాకుండా మందు కొట్టినవి ఉంటాయి. అంతకంటే ముఖ్యం, వాటిలో తెగులు ఉందో లేదో ఎవరూ చూసి ఉండరు. నర్సరీలో సర్టిఫైడ్ విత్తనపు దుంపలు అడిగి కొనండి. జులై, ఆగస్టు నెలల్లో దొరుకుతాయి.

మనకి ఇది ఇంకా ముఖ్యం. క్లైడ్ చుట్టూ మొన్నమొన్నటిదాకా కూరగాయల పొలాలే ఉండేవి. కాస్త దూరంలో ఉన్న కూ వీ రప్ ఒకప్పటి చిత్తడి నేల. 19వ శతాబ్దం ఆఖర్లో కాలువలు తవ్వి నీళ్లు తీసేశాక అక్కడి నల్లమట్టిలో బంగాళాదుంప బాగా పండింది. ఈరోజు ఆ ప్రాంతం ఆస్పరాగస్‌కి పేరు. దుంప వేళ్లని పట్టి పీడించే ఒక సన్నటి పురుగు 1991లో విక్టోరియాలో కనిపించింది. దాని గుడ్లతో నిండిన తిత్తులు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. కూ వీ రప్ ప్రాంతం కూడా ఆ పురుగు కోసం నియంత్రణ పెట్టిన చోట్లలో ఒకటి. ఒక పెరట్లో తెగులు దుంప నాటితే, ఆ మట్టి బూట్లకో పారకో అంటుకుని ఇంకెవరి పొలానికైనా చేరొచ్చు. కాబట్టి ఎవరి పెరటి మట్టినీ ఇంకొకరి పెరటికి మోయకండి.

ఆలస్యపు రకాల్లో ఇక్కడ తేలిగ్గా దొరికేవి సెబాగో, కెన్నెబెక్, డెజిరే. వంటని బట్టి ఎంచుకోండి. సెబాగో ఉడికిస్తే మెత్తబడుతుంది, పూరీ కూరకీ దోశలో కూరకీ బావుంటుంది. డెజిరే తోలు గులాబీరంగు, లోపల పసుపు. ముక్క చెదరదు కాబట్టి వేపుడుకీ కుర్మాకీ మంచిది.

మొలకెత్తించడానికి ఖాళీ గుడ్ల అట్ట చాలు. కళ్లు ఎక్కువగా ఉన్న వైపు పైకి ఉండేలా ఒక్కో గుంటలో ఒక్కో దుంప పెట్టి, వెలుతురు పడే, నేరుగా ఎండ తగలని చల్లటి చోట ఉంచండి. నాలుగైదు వారాల్లో పొట్టిగా, బలంగా మొలకలు వస్తాయి. చీకట్లో పెడితే తెల్లగా, పొడుగ్గా సాగి చేయి తగిలితే విరిగిపోతాయి. రెండు దుంపల్ని రెండు చోట్లా పెట్టి తేడా చూపించండి.

కోడిగుడ్డంత దుంపని అలాగే నాటొచ్చు. పెద్దదైతే ఒక్కో ముక్కకి కనీసం రెండు కళ్లు ఉండేలా, 50 గ్రాములకి తగ్గకుండా కోయండి. కోసిన ముక్కల్ని రెండు మూడు రోజులు నీడలో ఆరనిస్తే కోత మీద పొర కడుతుంది, మట్టిలో కుళ్లదు. కోసేటప్పుడు ఎవరో ఒక తాతయ్య "నీ దుంప తెగ!" అని నవ్విస్తారు. ఆ తిట్టులో కోపం కంటే ముద్దే ఎక్కువ ఉంటుందని పిల్లలకి చెప్పడానికి అదే సమయం.

మట్టి, బ్యాగు

మన స్కూలు జరిగేది అద్దె గదుల్లో. అక్కడ మడులు వేసుకోలేం. అందుకే ప్రతి కుటుంబానికీ ఒక 40 లేదా 50 లీటర్ల గ్రో బ్యాగు సరిపోతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లూ, పెరడు లేనివాళ్లూ కూడా పెంచుకోవచ్చు, ఇల్లు మారితే తీసుకుపోవచ్చు. పెరడు ఉందా లేదా అన్నది ఏ పిల్లకీ అడ్డం కాకూడదు. బ్యాగు లేత రంగుదైతే మేలు. నల్లది జనవరి ఎండకి బాగా వేడెక్కుతుంది. ఉన్నది నల్లదే అయితే చుట్టూ గోనెపట్టా కట్టండి.

పెరట్లోనే నాటేవాళ్లకి ఒక మాట. క్లైడ్ నార్త్ మట్టి బరువైన బంకమట్టి. కొత్త ఇళ్ల పెరళ్లలో అయితే మెషీన్లు తొక్కిన బంకమట్టి మీద పల్చగా పైమట్టి పరిచి ఉంటుంది. వానకి బురద, ఎండకి రాయి. పిల్లలతో ఈ పరీక్ష చేయించండి: ఎండిన మట్టిపెళ్ల ఒకటి గ్లాసుడు వాననీళ్లలో కదపకుండా వేసి మర్నాడు చూడండి. నీళ్లు పాలలా తెల్లబడి మసకబారితే ఆ మట్టికి జిప్సం పనిచేస్తుంది. చదరపు మీటరుకి కిలో దాకా చల్లి కలపొచ్చు. నీళ్లు తేరుకునే ఉంటే జిప్సం వల్ల పెద్ద లాభం లేదు, కంపోస్టే మందు. ఎలాగైనా మొదటి ఏడాది నేలని తవ్వి లోతుకి పోయే బదులు, పైన 25 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టుకోవడం తేలిక.

బంగాళాదుంపకి కాస్త పులుపు మట్టే ఇష్టం. సున్నం, కట్టెల బూడిద వేయకండి, వేస్తే తోలు గజ్జిపట్టినట్టు గరుకవుతుంది. పచ్చి పేడ వద్దు, బాగా మాగిన పశువుల ఎరువు, కంపోస్టు మంచివి. కోళ్ల ఎరువు గుప్పెడు చాలు. ఎక్కువైతే ఆకు ఏపుగా పెరుగుతుంది, దుంప ఊరదు.

మన పెరళ్లలో ఇంకో చిక్కు ఉంది. తెలుగువాళ్ల తోట అంటే టమాటా, వంగ, మిరప. ఈ మూడూ బంగాళాదుంపకి చుట్టాలే, తెగుళ్లు కూడా పంచుకుంటాయి. గత మూడేళ్లలో ఇవి పండించిన మడిలో బంగాళాదుంప వేయకండి. దుంప తవ్వేసిన చోట గోంగూర, చిక్కుడు, మెంతి, కొత్తిమీర లాంటివి కాలాన్ని బట్టి వేసుకోండి.

నాటడం

నేలలో అయితే 12 నుంచి 15 సెంటీమీటర్ల లోతు కాలువ తీసి, దుంపకీ దుంపకీ 35 సెంటీమీటర్లు, వరసకీ వరసకీ 75 సెంటీమీటర్లు ఎడం ఉంచండి. మొలకలు పైకి చూడాలి. బ్యాగులో అయితే అడుగున 15 సెంటీమీటర్లు మట్టి నింపి, రెండు దుంపలు పెట్టి, పైన 10 సెంటీమీటర్లు కప్పండి. బ్యాగు అంచు దాకా నింపకండి, పై సగం ఎగదోయడానికి ఖాళీగా ఉండాలి.

నాటిన రోజు ఒకసారి తడిపి, మొలక కనిపించేదాకా నీళ్లు బాగా తగ్గించండి. చల్లటి తడిమట్టిలో విత్తనపు దుంప కుళ్లుతుంది. మొదటిసారి పెంచేవాళ్లు ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ప్రేమతో రోజూ నీళ్లు పోస్తారు. పిల్లలకి ఇది చెప్పడం కష్టం, కాబట్టి నీళ్ల బదులు రోజూ చూసి రాసుకునే పని ఇవ్వండి: "ఈరోజు మొలక రాలేదు." మూడు వారాలు అదే వాక్యం రాశాక "ఈరోజు మొలక వచ్చింది!" అని రాసేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

మట్టి ఎగదోయడం

మొలక 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు రాగానే, పై ఆకులు మాత్రం కనిపించేలా చుట్టూ మట్టి ఎగదోయాలి. రెండు మూడు వారాలకోసారి, మొత్తం మూడుసార్లు. బ్యాగులో అయితే కంపోస్టు కలిపిన మట్టి పోస్తూ అంచు దాకా తెచ్చుకోవాలి. పైన గడ్డి పరవండి.

దీనివల్ల మూడు లాభాలు. ఊరే దుంపలకి చోటు దొరుకుతుంది. ఎండ తగలదు. అక్టోబరులో ఒక రాత్రి మంచు కురిసినా మట్టిలో ఉన్న భాగం బతికిపోయి మళ్లీ చిగురిస్తుంది. ఆ రాత్రి చలి ఎక్కువని తెలిస్తే పాత దుప్పటి కప్పండి.

ఎండ తగిలిన దుంప ఎందుకు పనికిరాదో పిల్లలకి స్పష్టంగా చెప్పండి. ఆకుపచ్చ రంగు విషం కాదు, ఆకుల్లో ఉండే పచ్చదనమే. కానీ ఆ రంగు తెచ్చిన వెలుతురే సోలనిన్ అనే చేదు పదార్థాన్ని కూడా పెంచుతుంది. అది కడుపునొప్పి, వాంతులు తెప్పిస్తుంది. ఉడికించినా వేయించినా పోదు. "పైపైన చెక్కేస్తే ఫర్వాలేదులే" అని ఇళ్లలో అంటుంటాం. పిల్లల వంటకి మాత్రం మన నియమం ఒకటే: పచ్చబడింది వండొద్దు.

నీళ్లు, సెలవులు

పూత మొదలైనప్పటి నుంచి ఆకులు పండేదాకా మట్టి ఎప్పుడూ తేమగా ఉండాలి. నేలలో అయితే వారానికి 25 నుంచి 30 మిల్లీమీటర్ల వానకి సమానమైన నీళ్లు. బ్యాగుల్లో అయితే ఎండలు ముదిరాక రోజూ పోయాల్సి రావచ్చు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి, పొడిగా ఉంటే పోయండి. ఒక వారం ఎండబెట్టి ఇంకో వారం ముంచెత్తితే దుంపలు పగులుతాయి, బుడిపెలు వస్తాయి, లోపల బోలుగా ఉంటాయి.

అసలు చిక్కు సెలవులే. డిసెంబరు ఆఖరి నుంచి జనవరి ఆఖరి దాకా స్కూలు లేదు, చాలా కుటుంబాలు ఇండియా వెళ్తాయి. దుంప బరువెక్కేదీ అప్పుడే. నవంబరులోనే "నీళ్ల జతలు" కట్టండి. ఊళ్లో ఉండే కుటుంబం, ఊరెళ్లే కుటుంబం బ్యాగుని తన దగ్గర పెట్టుకోవాలి. వాళ్ల పిల్లలు వారానికోసారి ఫొటో తీసి, తెలుగులో ఒక వాక్యం చెప్పి వాయిస్ మెసేజ్ పంపాలి. ఊళ్లో తాతయ్య పక్కన కూర్చుని ఆ మెసేజ్ వినే పిల్లకి చెప్పుకోవడానికి బోలెడు కథ.

మన పేటల్లో చాలా ఇళ్లకి ఊదారంగు కుళాయి ఉంటుంది. అది శుద్ధి చేసి మళ్లీ వాడే నీళ్లు. తోటకి పోయొచ్చు, తాగకూడదు. తవ్విన దుంపల్ని వండే ముందు మంచినీళ్లతోనే కడగాలి. కుళాయి రంగు పేరు ప్రతి పిల్లకీ తెలుగులో రావాలి: ఊదా.

చీడపీడలు

బంకమట్టి ఎండి బీటలు వారితే, ఆ బీటల్లోంచి దుంపచిమ్మెట లోపలికి వెళ్లి దుంపల మీద గుడ్లు పెడుతుంది. పురుగులు దుంపలో సొరంగాలు తవ్వుతాయి. మందు అక్కర్లేదు, బీటలు పడకుండా తడిపి మట్టి కప్పితే చాలు. ఆకుల్ని జల్లెడలా తినేది 28 చుక్కల పురుగు. పేనుబంకని తినే మంచి చుక్కల పురుగులకి చుక్కలు అన్ని ఉండవు. పిల్లలచేత తెలుగులో చుక్కలు లెక్కపెట్టించి, 28 ఉన్నవాటిని చేత్తో ఏరించండి. వానలు ఎక్కువైన ఏడాది ఆకుల మీద నీళ్లు నానినట్టు నల్లటి మచ్చలు వచ్చి తొందరగా పాకితే, ఆ ఆకుల్ని కోసి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో కాదు.

పూత తర్వాత కొన్ని మొక్కలకి చిన్న పచ్చి టమాటాల్లాంటి కాయలు కాస్తాయి. అవి విషం. చిన్నపిల్లలున్న ఇళ్లలో కనిపించగానే తెంపేయండి.

తవ్వడం

పూత చూసి తవ్వకండి. ఆకులు పండి, కాండాలు వాలి, ఎండిపోయేదాకా ఆగండి. అప్పుడు కాండాల్ని నేలమట్టానికి కోసేసి, నీళ్లు ఆపి, ఇంకో 10 నుంచి 14 రోజులు దుంపల్ని మట్టిలోనే ఉంచండి. తోలు గట్టిపడేది ఈ రోజుల్లోనే. ఒక దుంప తీసి బొటనవేలితో రుద్దండి. తోలు లేచిపోతే ఇంకో వారం ఆగాలి. లేవకపోతే తవ్వొచ్చు.

పొడిగా ఉన్న రోజు పొద్దున్నే తవ్వండి. నేలలో అయితే మొక్కకి 30 సెంటీమీటర్ల దూరంలో ఫోర్క్ దింపి పైకి లేపాలి. దగ్గరగా గుచ్చితే దుంపలు తెగుతాయి. బ్యాగుని టార్పాలిన్ మీద బోర్లించి చేతులతో వెతకడం పిల్లలకి పండగ. కింద పడేసినా, బుట్టలోకి విసిరినా దుంప లోపల కమిలి తర్వాత నల్లబడుతుంది. "గుడ్లు అనుకుని పెట్టండి" అని చెప్పండి. అంతా బాగుంటే కిలో విత్తనానికి 5 నుంచి 10 కిలోలు వస్తాయి. రాకపోయినా తూకం వేయించి రాయించండి. తక్కువ రావడం కూడా ఒక పాఠమే.

నిల్వ

కడగకండి. మట్టి దులిపి గంటో రెండు గంటలో నీడలో ఆరనిచ్చి, వెలుతురు లేని, గాలి ఆడే చోట రెండు వారాలు పరవండి. చిన్నచిన్న గీతలు అప్పుడు మానిపోతాయి. తెగినవి, పురుగు పట్టినవి ఏరి ముందు వండేసుకోండి. మిగతావి గోనెసంచిలోనో కాగితం సంచిలోనో ఇంట్లో అన్నిటికంటే చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టండి. ఫిబ్రవరిలో గ్యారేజీ పొయ్యిలా ఉంటుంది, అక్కడ వద్దు. ఇక్కడ ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది కాబట్టి దక్షిణం వైపు గది చల్లగా ఉంటుంది. ఫ్రిజ్ కూడా వద్దు. చలికి పిండిపదార్థం చక్కెరగా మారి, వేపుడు నల్లగా మాడుతుంది. ఉల్లిపాయల బుట్ట వేరేగా ఉంచండి.

క్లాసులో భాష

*ఇంటి పేరు ఏదైనా సరైనదే.* బంగాళాదుంప అనేవాళ్లుంటారు. తెలంగాణ ఇళ్లలో ఆలుగడ్డ, రాయలసీమలో చాలాచోట్ల ఉర్లగడ్డ. మొదటి రోజే మూడూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. "ఆలుగడ్డ కాదమ్మా, బంగాళాదుంప" అని దిద్దితే ఆ పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే: మా నానమ్మ తెలుగు తప్పు. ఆ తర్వాత ఇంట్లో నోరు విప్పదు. ఈ పాఠంలో ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు.

*పంట చేతికి తీసుకునే మాటలు.* ఇంగ్లిష్‌లో ఒకే మాటతో సరిపెట్టేదానికి మనకి చాలా మాటలున్నాయి. వంకాయ కోస్తాం, ముల్లంగి పీకుతాం, దుంప తవ్వుతాం, రాలిన చింతకాయలు ఏరుకుంటాం. అలాగే గింజలు విత్తుతాం, మెంతులు చల్లుతాం, దుంప నాటుతాం. బొమ్మలు చూపించి సరైన క్రియ చెప్పించండి.

*మనం, మేం.* ఇంట్లో ఇంగ్లిష్ ఎక్కువగా వినే పిల్లలకి ఈ తేడా తెలియదు. తోట దగ్గర తోటి పిల్లలతో "మనం తవ్వుదాం". ఫోన్‌లో అమ్మమ్మతో "మేం తవ్వాం అమ్మమ్మా". నాలుగుసార్లు నిజంగా వాడితే వచ్చేస్తుంది.

*అడిగి తెలుసుకోవడం.* ప్రతి పిల్లా ఇంట్లో ఒక పెద్దవాళ్లని మూడు ప్రశ్నలు అడగాలి: మీ ఊళ్లో ఏ దుంపలు పండేవి? ఎలా తవ్వేవాళ్లు? ఎక్కడ దాచేవాళ్లు? వచ్చిన మాటల్ని యథాతథంగా రాసుకురావాలి. టీచర్‌కి తెలియని మాట వస్తే ఒప్పుకోండి, ఆ పెద్దవాళ్లనే క్లాసుకి పిలవండి. అలా పిలిచే ముందు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ సంగతి కమిటీని అడగండి.

జాగ్రత్తలు

కంపోస్టు, పాటింగ్ మిక్స్ సంచులు పెద్దవాళ్లే బయట, గాలి తగిలే చోట విప్పాలి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ముందు కాస్త తడపండి. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బ్యాగుల కింద రెడ్‌బ్యాక్ సాలీళ్లు దాక్కుంటాయి, వాటిని ఎత్తేది పెద్దవాళ్లు, గ్లవ్స్‌తో. ఆగస్టు మధ్య నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

ఉగాది నాటికి ఈ దుంపలు ఇంకా గట్టిగానే ఉంటాయి. అందుకే ప్రతి కుటుంబాన్నీ తమ సంచిలోంచి నాలుగు దుంపలు విడిగా దాచమని అడుగుతాం. ఉగాది రోజు అవన్నీ ఒక గిన్నెలో కలిపి పూరీ కూర చేస్తాం. వడ్డించేది పిల్లలే. "ఇంకొంచెం వేయమంటారా?", "చాలమ్మా", "ఇది మా బ్యాగులోదే!" ఆ పూట వాళ్లు మాట్లాడే తెలుగుకి మార్కులు వేయకండి. వినండి చాలు.